కాకినాడ ఉప్పుగాలిలో స్ప్లిట్ ఏసీ: ఇంట్లో మనం చేసుకునేది, మెకానిక్‌కు వదలాల్సింది

మార్చి వచ్చిందంటే కాకినాడలో ఏసీ మెకానిక్ దొరకడం కష్టం. పొద్దున ఫోన్ చేస్తే "రేపు వస్తానండి" అంటాడు, ఆ రేపు నాలుగు రోజులవుతుంది. ఈమధ్య రంజాన్ కూడా ఎండాకాలం గుమ్మంలోనే వస్తోంది కాబట్టి సహ్రీకి లేచి, పగలు కాసేపు నడుం వాల్చుదామనుకునే ఇళ్ళల్లో ఏసీ చల్లబడకపోతే ఆ ఇబ్బంది వేరే చెప్పక్కర్లేదు. ఆ హడావుడిలో ఎవరు దొరికితే వాళ్ళను పిలుస్తాం. అతను వచ్చి, మూత తీసి, అరనిమిషం చూసి చెప్పే మాట దాదాపు ప్రతి ఇంట్లో ఒకటే: "గ్యాస్ తగ్గిపోయిందండి, నింపేయమంటారా?"

ఆ ప్రశ్నకు "నింపేయ్ భాయ్" అనే ముందు ఒక్క సంగతి తెలుసుకోవాలి. ఏసీలో గ్యాస్ పెట్రోలు లాగా ఖర్చయ్యేది కాదు. రాగి గొట్టాల్లో మూసేసి ఉంటుంది. లోపలి యూనిట్‌లో గది వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది, బయటి యూనిట్‌లో కంప్రెసర్ దాన్ని నొక్కితే ఆ వేడిని వీధిలోకి వదిలి మళ్ళీ ద్రవమవుతుంది. అదే గ్యాస్ పదేళ్ళయినా తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందని అర్థం. కారే చోటు వెతక్కుండా పైపైన నింపితే మళ్ళీ ఎండాకాలానికి, ఒక్కోసారి రెండు నెలలకే, అదే మనిషి అదే మాట చెబుతాడు. "ఏటా గ్యాస్ పట్టించాలి" అనేది సర్వీసు కాదు, కారడానికి కట్టే చందా.

అసలు చాలాసార్లు గ్యాస్ తగ్గనే తగ్గదు. ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా, లోపలి కాయిల్ మీద మట్టి పట్టినా, బయటి కాయిల్ ఉప్పుతో, దూగరతో నిండిపోయినా, ఫ్యాన్ కెపాసిటర్ బలహీనపడినా చల్లదనం తగ్గుతుంది. కాబట్టి ముందు శుభ్రం చేయించండి, తర్వాతే గ్యాస్ మాట. నిజంగా తక్కువైతే కొన్ని గుర్తులుంటాయి. బయటి యూనిట్ పక్కనున్న సన్న గొట్టం మీద మంచు పడుతుంది. లోపలి కాయిల్ ఒక కొసన మాత్రం మంచు కట్టి మిగతాది పొడిగా ఉంటుంది. నట్టు బిగించిన చోట నూనె మరక కనిపిస్తుంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దిగా బయటికి వస్తుంది కాబట్టి ఆ మరక దాదాపు సంతకం లాంటిది. అక్కడ సబ్బు నురగ రాస్తే బుడగలొస్తాయి. మెకానిక్ ఆ బుడగలు మీకు చూపించాకే డబ్బు సంగతి మాట్లాడండి.

సముద్రం పక్కన ఉన్నందుకు

హైదరాబాద్‌లో ఉండే చుట్టాల ఏసీ ఎనిమిదేళ్ళు నడిస్తే మన ఊళ్ళో అదే కంపెనీ ఏసీకి నాలుగేళ్ళకే కాయిల్ పోవడం చూస్తుంటాం. కంపెనీని తిట్టుకుంటాం గానీ చాలావరకు అది గాలి పని. దుమ్ములపేట, ఏటిమొగ, వాకలపూడి వైపు ఇళ్ళ మీద పడే గాలిలో ఉప్పు ఉంటుంది. జగన్నాథపురం, సూర్యారావుపేట వైపు కూడా కిటికీ గ్రిల్లు ఎంత త్వరగా తుప్పు పడుతుందో ఆడవాళ్ళకు బాగా తెలుసు. బయటి యూనిట్‌లో రాగి గొట్టానికి పల్చని అల్యూమినియం రేకులు అతికించి ఉంటాయి. రెండు వేర్వేరు లోహాలు తగిలి ఉన్నచోట ఉప్పు తడి చేరితే చిన్న బ్యాటరీ లాంటిది తయారవుతుంది, అందులో అల్యూమినియం కరిగిపోతుంది. మొదట రేకులు తెల్లగా పొడిబారతాయి, చేత్తో తాకితే రాలిపోతాయి. అప్పటికి గొట్టం వేడిని వదిలే దారి పోయినట్టే. కరెంటు బిల్లు పెరుగుతుంది, కంప్రెసర్ వేడెక్కుతుంది.

మురుగు కాలువకు ఎదురుగా, సెప్టిక్ ట్యాంకు గొట్టం పక్కన బయటి యూనిట్ పెట్టినా ఇలాంటి నష్టమే. కుళ్ళిన మురుగు నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు రాగిని నల్లగా మార్చి మెల్లగా తినేస్తుంది. వెండి సామాను నల్లబడినట్టే. అందుకే కొత్త ఏసీ పెట్టించేటప్పుడు "ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ" అనకుండా, సముద్రం వైపు గోడ కాకుండా రెండో వైపు, మురుగుకు దూరంగా, గాలి ధారాళంగా బయటికి పోయే చోటు అడగండి. కాయిల్ మీద నీలం లేదా బంగారు రంగు పూత ఉన్న మోడల్ మన ఊరికి మేలు. పూత తుప్పును ఆపదు గానీ ఆలస్యం చేస్తుంది.

దీనికి ఖర్చు లేని మందు ఒకటుంది: మంచినీళ్ళు. డాబా మీదో, బాల్కనీలోనో సులువుగా అందే చోట యూనిట్ ఉంటే, ఎంసీబీ ఆపేసి, మామూలు తోట గొట్టంతో నెలకోసారి కాయిల్‌ను మెల్లగా కడిగితే ఉప్పు పోతుంది. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే వీధుల్లో మాత్రం మున్సిపల్ నీళ్ళే వాడాలి, లేదంటే కడిగి మళ్ళీ ఉప్పు రాసినట్టవుతుంది. వైర్లు కలిపే పెట్టె వైపు నీళ్ళు కొట్టకూడదు. ఆరాక అరగంట ఆగి వేయండి. యూనిట్ రెండో అంతస్తు గోడకు వేలాడుతుంటే ఇది మీ పని కాదు, ఆ సంగతి కిందకు వస్తాను.

ఇంట్లో వాళ్ళ వంతు

ఫిల్టర్ కడగడం పదో తరగతి పిల్లాడు కూడా చేయగలడు. స్విచ్ ఆపి, ముందు మూత ఎత్తి, రెండు జాలీలు తీసి, చల్లటి నీళ్ళలో కడిగి, నీడలో ఆరబెట్టి పెట్టేయడమే. వేడినీళ్ళు పోస్తే, ఎండలో పెడితే జాలీ వంకర పోతుంది. ఏసీ రోజూ నడిచే నెలల్లో రెండు వారాలకోసారి చాలు. అయితే మన ఇళ్ళల్లో రెండు విషయాలు జాలీని త్వరగా మూసేస్తాయి. ఒకటి వంటింటి నూనె ఆవిరి. ఇఫ్తార్‌కు సమోసాలు, పకోడీలు వేయించే నెలలో హాల్లో ఏసీ వేసి వంటింటి తలుపు తెరిచి ఉంచితే ఆ జిడ్డంతా జాలీ మీదికి చేరి దుమ్మును జిగురులా పట్టేస్తుంది. రెండోది లోబాన్, అగరొత్తుల పొగ. జిడ్డు పట్టిన జాలీకి కాస్త సబ్బు నీళ్ళు అవసరం. అంతకు మించిన మందులేవీ వద్దు.

లోబాన్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి, ఇది ప్రాణానికి సంబంధించింది. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. తలుపులు బిగించి ఏసీ వేసిన గదిలో బొగ్గుల కుంపటి మీద లోబాన్ వేసి వదిలేస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుపోతుంది. దానికి రంగు, వాసన ఉండవు. లోబాన్ వాసనే వస్తుంది కాబట్టి అనుమానం కూడా రాదు. బాలింతలు, దాదీ, చంటిపిల్లలు పడుకునే గదిలో ఇది అసలు వద్దు. పొగ వేయాలంటే కిటికీలు తీసి, ఏసీ ఆపి వేసి, కుంపటి బయట పెట్టాక తలుపు వేసుకోండి. పెళ్ళిళ్ళకు వచ్చిన చుట్టాలంతా ఒకే ఏసీ గదిలో పడుకుంటే కూడా తలుపు కొంచెం తీసి ఉంచడం మంచిది.

గదిలోకి నీళ్ళు కారుతున్నాయని చాలామంది భయపడతారు. మన గోదావరి జిల్లాల గాలిలో చెమ్మ ఎక్కువ కాబట్టి ఏసీ రోజుకు బకెట్ల లెక్కన నీళ్ళు తీస్తుంది. ఆ నీళ్ళు పోయే డ్రెయిన్ గొట్టంలో నాచు లాంటి జిగట పేరుకుంటే వెనక్కి తన్ని గోడ మీదికి కారతాయి. గొట్టం కొస బకెట్‌లో మునిగి ఉన్నా, మధ్యలో పైకి వంగినా అంతే. ముందు ఆ కొస చూడండి. ఈ నీళ్ళు మొక్కలకు, ఇల్లు తుడవడానికి పనికొస్తాయి. తాగడానికి పనికిరావు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోస్తుంటారు కొందరు, దుమ్ము, లోహపు అంశ కలిసి ఉంటాయి కాబట్టి అదీ వద్దు.

రిమోట్ మీద 18 పెడితే గది త్వరగా చల్లబడదు, ఆగకుండా నడుస్తుంది అంతే. 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ గుర్తు ఉన్న గది ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా తయారవ్వాలని కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ చెబుతుంది. ఉక్కపోత రోజుల్లో 25 పెట్టి సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిగా వేసుకుంటే సరిపోతుంది.

మెకానిక్ వచ్చాక

రిమోట్‌తో ఆపితే ఏసీ ఆగినట్టు కాదు. బయటి యూనిట్ దాకా కరెంటు ఉంటూనే ఉంటుంది. మూత తీసే ముందు ఎంసీబీ దించాలి, ప్లగ్ ఉంటే లాగేయాలి, "పని జరుగుతోంది, వేయవద్దు" అని ఒక కాగితం అంటించాలి లేదా ఇంట్లో ఒకరు అక్కడే నిలబడాలి. పిల్లలు ఉక్కపోసి స్విచ్ వేయడానికి ఒక్క క్షణం చాలు. ఆపేసినా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుంది. ఇన్వర్టర్ ఏసీ బోర్డులో అయితే 300 వోల్టుల పైన డీసీ కొన్ని నిమిషాలు నిలిచి ఉంటుంది. అందుకే ఆపాక కనీసం పది నిమిషాలు ఆగి, మీటరుతో చూసుకుని చెయ్యి పెట్టాలి. యూట్యూబ్ చూసి మన అబ్బాయిలు కెపాసిటర్ మార్చబోయేది ఇక్కడే. అది 200 రూపాయలు మిగిల్చే పని అనిపించవచ్చు. వద్దు.

జెట్ పంపుతో కడిగేటప్పుడు లోపలి యూనిట్ చుట్టూ ప్లాస్టిక్ సంచి కట్టి, ఎలక్ట్రానిక్ బోర్డు వైపు కప్పి కడుగుతారు. అంతవరకు మంచిదే. కొందరు మట్టి త్వరగా పోవాలని యాసిడ్ వాడతారు. ఒక్కసారికి తళతళలాడుతుంది గానీ అల్యూమినియం రేకులను, గొట్టం అతుకులను అది తినేస్తుంది. మరుసటి ఏడాది లీకు అక్కడే. అదే పూట ఎవరో బ్లీచింగ్ నీళ్ళు కూడా పోస్తే విషపు క్లోరిన్ వాయువు వస్తుంది, మూసిన గదిలో ఊపిరాడదు. మామూలు నీళ్ళు, తేలిక సబ్బు, కాయిల్ కోసం అమ్మే ద్రావణం చాలు. సీసా మీద పేరు చదివాకే వాడనివ్వండి.

ఇప్పుడు గ్యాస్ రకాలు. బయటి యూనిట్ పక్కన అంటించిన స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. పాత ఏసీల్లో ఆర్-22. అది ఓజోన్ పొరను దెబ్బతీస్తుంది కాబట్టి 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద దశలవారీగా తీసేస్తున్నారు. తర్వాత వచ్చిన ఆర్-410ఏ మండదు గానీ ఆర్-22 కన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ ఒత్తిడిలో పనిచేస్తుంది. ఇప్పుడు కొంటున్నవాటిలో ఎక్కువ ఆర్-32. ఒత్తిడీ ఎక్కువే, కొద్దిగా మండే గుణమూ ఉంది. కొన్ని ఏసీల్లో ఆర్-290 వస్తుంది. అది ప్రొపేన్, వంటగ్యాస్ కుటుంబంలోదే, బాగా మండుతుంది. స్టిక్కర్ మీద ఉన్నది తప్ప ఇంకోటి నింపితే ఏసీ పాడవడంతో ఆగకపోవచ్చు. పాత గొట్టాలు, పాత గేజీలు కొత్త గ్యాస్ ఒత్తిడిని తట్టుకోలేవు. "ఏ గ్యాసైనా ఒకటేనండి" అన్న మనిషిని టీ ఇచ్చి మర్యాదగా పంపించేయండి.

గ్యాస్ నింపే రోజు గదిలో కిటికీలు తీసి ఉంచాలి. అగరొత్తి, సిగరెట్, పొయ్యి ఏవీ వద్దు. ఆర్-32 గాలి కన్నా బరువైంది, నేల దగ్గర పేరుకుంటుంది. మంట తగిలితే హైడ్రోజన్ ఫ్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. గొట్టానికి వెల్డింగ్ చేయాల్సి వస్తే ముందు గ్యాస్ మొత్తం ఖాళీ చేసి, నైట్రోజన్ పంపి చేయాలి. ద్రవరూపంలో గ్యాస్ చేతి మీద చిందితే చర్మం గడ్డకట్టిపోతుంది కాబట్టి చేతికి గ్లవ్స్, కళ్ళకు అద్దాలు ఉండాలి.

లీకు పరీక్ష గురించి మాత్రం కాస్త ఆగి చదవండి. గొట్టంలో ఒత్తిడి పెట్టి చూడటానికి నైట్రోజన్ సిలిండర్ వాడాలి. అది లేక, పక్క వెల్డింగ్ షాపు నుంచి ఆక్సిజన్ సిలిండర్ తెచ్చి పెట్టేవాళ్ళు ఉన్నారు. ఏసీ గొట్టాల్లో కంప్రెసర్ నూనె ఉంటుంది. నూనెకు ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్ తగిలితే నిప్పు కూడా అక్కర్లేదు, బాంబులా పేలుతుంది. వార్తల్లో "ఏసీ పేలి మెకానిక్ మృతి" అని వచ్చినప్పుడు చాలామంది గ్యాస్ మండిందనుకుంటారు. ఇలాంటి పనులు కూడా అందులో ఉంటాయి. సిలిండర్ రంగు చూడటం కష్టమేం కాదు: మన దేశంలో పరిశ్రమల ఆక్సిజన్ సిలిండర్ నలుపు, నైట్రోజన్ సిలిండర్ బూడిద రంగు, మెడ నలుపు. రంగు మాసిపోయి ఉంటే అడగండి. అడిగితే ఎవరూ చిన్నబుచ్చుకోరు, చిన్నబుచ్చుకున్నా ఫర్వాలేదు.

ఇల్లు మారేటప్పుడు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాగి బంధించడం కూడా అలాంటిదే. కంప్రెసర్ నడుస్తుండగా గొట్టం విప్పేస్తే గాలి లోపలికి పోయి, నూనెతో కలిసి, ఒత్తిడికి డీజిల్ ఇంజన్‌లో మండినట్టు మండి కంప్రెసర్ పగిలిపోతుంది. ముందు కంప్రెసర్ ఆగాలి, తర్వాతే నట్టు విప్పాలి. కొత్త చోట బిగించాక గొట్టాల్లో గాలిని వాక్యూమ్ పంపుతో తీయాలి. గ్యాస్ కాస్త వదిలి గాలిని తోసేసే పాత పద్ధతి ఆర్-32, ఆర్-290లకు ప్రమాదం. పంపు తెచ్చారా అని ముందే ఫోన్‌లో అడగండి. గ్యాస్‌ను గేజీ చూసి అంచనాగా కాకుండా, స్టిక్కర్ మీద గ్రాముల్లో రాసినంత తూకం వేసి నింపుతారు. తూకం లేని వాడు సగం పనివాడే.

సన్‌షేడ్ మీద నిలబడే కుర్రాడు

మన కుటుంబాల్లో ఏసీ పని నేర్చుకున్న అబ్బాయిలు చాలామంది ఉన్నారు. ఇక్కడ రెండేళ్ళు చేతిపని పట్టి, కువైట్, సౌదీ, దుబాయ్‌లకు పోయేవాళ్ళూ ఉన్నారు. అక్కడ పెద్ద కంపెనీల్లో బెల్టు కట్టకుండా ఎత్తు మీదికి ఎక్కనివ్వరు. అదే అబ్బాయి ఇక్కడ చెప్పులతో కిటికీ సన్‌షేడ్ మీద నిలబడి ముప్పై, నలభై కిలోల యూనిట్‌ను పట్టుకుంటాడు. ఆ సన్‌షేడ్ మనిషి బరువుకు కట్టింది కాదు, వాన ఆపడానికి కట్టింది. పాత ఇళ్ళల్లో లోపలి ఇనుము ఉప్పుగాలికి ఉబ్బి సిమెంటు పెచ్చులూడి ఉంటుంది. దాని మీద నీళ్ళు, సబ్బు.

"అలవాటేనండి" అంటాడు అతను. మీరు ఒప్పుకోకండి. లోపల గట్టి స్తంభానికి తాడు కట్టి నడుముకు, వీలైతే ఒంటికంతా పట్టే బెల్టు వేసుకోమనండి, పైన ఇంకో మనిషిని ఉంచమనండి. దానికి అదనంగా అడిగితే ఇచ్చేయండి. కింద సందులో పిల్లలు ఆడకుండా చూసుకోండి. వాన పడుతుంటే, చీకటి పడితే ఆ రోజుకు వాయిదా వేయండి. ఏసీ లేకుండా ఒక్క రాత్రి గడుస్తుంది.

యూనిట్‌ను మోసే ఇనుప బ్రాకెట్‌ను, గోడలోని బోల్టులను ఏడాదికోసారి చూపించుకోవాలి. రంగు కింద ఎర్రటి పొరలు రాలుతుంటే మార్చేయాలి, జింకు పూత వేసినవి పెట్టించాలి. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు ఆ బోల్టుల మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. కింద నేల మీద పెట్టిన యూనిట్ నీట మునిగితే, నీళ్ళు తీసేశాక వెంటనే వేయకండి. బోర్డు ఆరి, మెకానిక్ చూశాకే వేయాలి.

వైరు, మంట

ఒకటిన్నర టన్ను ఏసీకి మెయిన్ బోర్డు నుంచి విడిగా సాధారణంగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, దానికి సరిపడే సొంత ఎంసీబీ, గట్టి ఎర్తు ఉండాలి. కంపెనీ పుస్తకంలో ఏం రాశారో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఏసీ తగిలించడం, ఫ్రిజ్ ప్లగ్‌లోనే రెండూ పెట్టడం అసలు చేయకూడదు. ప్లగ్ పిన్ను గోధుమ రంగుకు మారినా, కాలిన వాసన వచ్చినా అది ముందుమాట. ఎంసీబీ పదే పదే పడిపోతుంటే పెద్ద ఎంసీబీ పెట్టించడం పరిష్కారం కాదు. అప్పుడు ఎంసీబీ బదులు వైరు కాలుతుంది.

2025 మే 18న హైదరాబాద్ చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్ భవనంలో మంటలు చెలరేగి 17 మంది చనిపోయారు, వాళ్ళలో 8 మంది పిల్లలు. షార్ట్ సర్క్యూట్ కారణమని అధికారులు ప్రాథమికంగా చెప్పారు. తెల్లవారి ఆ ఇంట్లో వాళ్ళను కాపాడటానికి చుట్టుపక్కల వాళ్ళు పరుగెత్తారు గానీ లోపలికి ఇరుకైన దారి ఒక్కటే, పొగ ముందే నిండిపోయింది. మన ఊళ్ళో మెయిన్ రోడ్డు వెనక సందుల్లో కింద షాపు, పైన కుటుంబం ఉండే ఇళ్ళు తక్కువేం కాదు. అలాంటి ఇళ్ళల్లో మెట్ల దగ్గర మీటర్లు, వాటి పక్కనే అట్టపెట్టెలు, మెట్ల మలుపులోనే ఏసీ బయటి యూనిట్లు. దారిలో ఉన్న యూనిట్‌ను డాబా మీదికి మార్పించండి. గొట్టం పొడవు పెరిగితే కొంత ఖర్చవుతుంది, అయినా మార్పించండి.

ఏసీలో నిప్పురవ్వ, పొగ కనిపిస్తే ముందు మెయిన్ ఆపాలి, నీళ్ళు పోయకూడదు. కరెంటు మంటలకు పనికొచ్చే పొడి లేదా కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ ఉంటే వాడండి. లేకపోతే అందరినీ బయటికి తెచ్చి, గది తలుపు మూసి, 101కి ఫోన్ చేయండి. స్తంభం దగ్గర, సర్వీసు వైరు దగ్గర తేడా అనిపిస్తే విద్యుత్ సంస్థ నంబరు 1912.

మసీదుల్లో, మదర్సాల్లో ఏసీలు ఒకేసారి నాలుగైదు పెట్టిస్తుంటారు. పాత కనెక్షన్ మీదే అన్నీ వేస్తే తరావీహ్ వేళకు వైరు వేడెక్కుతుంది. ఏసీలు దానం చేసే పెద్దలు ఆ డబ్బులోనే లోడు పెంచుకోవడానికి, వైరింగుకు కూడా కొంత కలిపి ఇస్తే కమిటీ వాళ్ళకు సులువవుతుంది. సర్వీసు చేయించిన తేదీ, నింపిన గ్యాస్ గ్రాములు, మార్చిన సామాను ఒక చిన్న పుస్తకంలో రాసి ఏసీ పక్కన మేకుకు వేలాడదీయండి. మరుసటి ఏడాది కొత్త మెకానిక్ వచ్చి "గ్యాస్ తగ్గిందండి" అన్నప్పుడు తీసి చూపించడానికి ఉంటుంది.